తొమ్మిదో తరగతికి లూథర్, జ్వింగ్లీ, కాల్విన్ పాఠం ఎలా చెబుతున్నారు?

నల్లబల్ల | ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. వచ్చే వారం తొమ్మిదో తరగతికి మత సంస్కరణోద్యమం మొదలుపెట్టాలి. మూడు పీరియడ్లు దొరుకుతాయి. పోయినేడు ఈ పాఠం చెప్పిన తీరు ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈసారి ముందే మిమ్మల్ని అడుగుతున్నాను.

పోయినేడు బోర్డు మీద ఒక పట్టిక గీశాను. లూథర్, జర్మనీ, 1517. జ్వింగ్లీ, జ్యూరిక్. కాల్విన్, జెనీవా. ఎనిమిదో హెన్రీ, ఇంగ్లండ్, 1534. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో దించారు, మార్కులు వచ్చాయి. చెబుతూ చెబుతూ మధ్యలో "పోప్ డబ్బుకు పాపక్షమాపణ అమ్ముకున్నాడు" అనేశాను. మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి తల దించుకుంది. వాళ్లది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబం. సాయంత్రం సైకిల్ స్టాండ్ దగ్గర నన్ను ఆపి, "మిస్, మా ఫాదర్ గారు కూడా అమ్ముతారా?" అని అడిగింది. నోట మాట రాలేదు. "అది పాతకాలం సంగతమ్మా" అని తప్పించుకున్నాను.

ఈ ఏడు ఆ అమ్మాయి చెల్లెలు నా క్లాసులో ఉంది. లూథరన్ పిల్లలు ఎక్కువ, బాప్టిస్టులు కొందరు, ఆర్‌సీఎం వాళ్లు ముగ్గురు, మిగతా హిందూ, ముస్లిం పిల్లలు. లూథరన్ పిల్లలకు ప్రతి అక్టోబర్ 31న చర్చిలో సంస్కరణ దినం ఉంటుంది, వాళ్లకు లూథర్ అంటే గోడమీద పటం. మిగతావాళ్లకు అది వట్టి పేరు. ఇంతమందికీ ఒకే పాఠం ఎవరి మనసూ నొప్పించకుండా, నిజం దాచకుండా ఎలా చెప్పాలి?

పాతపుస్తకం | ఆదివారం రాత్రి 10:15

మేడమ్, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరే పాఠం మొదలుపెట్టండి. అంతకన్నా మంచి మొదలు ఏ పుస్తకంలోనూ లేదు.

నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఐరోపా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మొదటి రోజు నేను చేసిన పని ఇది. ఒక కాగితం మీద నాలుగు లైన్లు టైపు చేయించి, పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ వదిలి, క్లాసుకు సరిపడా జిరాక్స్ తీయించి పంచేవాణ్ని. పిల్లలు అడక్కుండానే పెన్ను తీసి ఆ ఖాళీలో తమ పేరు రాసుకునేవారు. అప్పుడు చెప్పేవాణ్ని: పాపానికి పడే శిక్ష తగ్గుతుందని చర్చి ఇచ్చిన పాపపరిహార పత్రం ఇలాగే ఉండేది. అచ్చుయంత్రం వచ్చిన కొత్తలోనే, 1454లో, గూటెన్‌బర్గ్ ఊరు మైన్‌జ్‌లో ఇలాంటి ఖాళీల పత్రాలు అచ్చయ్యాయి. రాసేవాడు ఒక్కో పత్రం చేత్తో రాసే రోజులు పోయాయి, వేలకు వేలు తీసి సంచిలో వేసుకుని ఊరూరా తిరగొచ్చు. లూథర్ మాటలను దేశమంతా చేర్చిందీ తర్వాత అదే యంత్రం. ఈ ఒక్క కాగితంతో పిల్లలకు సగం పాఠం తెలిసిపోతుంది.

తర్వాత బోర్డు మీద డబ్బు దారి గీయండి. విట్టెన్‌బర్గ్‌లో ఒక మామూలు మనిషి. వాళ్ల రాజు ఫ్రెడరిక్ తన రాజ్యంలోకి ఆ పత్రాల ప్రచారాన్ని రానివ్వలేదు కాబట్టి, అతను పొలిమేర దాటి యూటర్‌బోగ్ అనే పక్క ఊరికి నడిచి వెళ్తాడు. అక్కడ టెట్జెల్ అనే డొమినికన్ సన్యాసి ప్రసంగం చేస్తున్నాడు. ఇతను డబ్బు ఇస్తాడు. అందులో సగం రోములో సెయింట్ పీటర్స్ ఆలయం కట్టడానికి పోతుంది. మిగతా సగం ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ అనే వడ్డీ వ్యాపారుల కుటుంబానికి. ఎందుకు? ఆల్‌బ్రెక్ట్ అనే కుర్ర ఆర్చిబిషప్ ఒక పదవి ఉండగా మైన్‌జ్ పదవి కూడా సంపాదించుకోవడానికి వాళ్ల దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పు ఇలా తీరుతోంది. పత్రం కొన్న మనిషికి ఈ రెండో సగం సంగతి తెలియదు. లూథర్‌కూ అప్పటికి తెలియదు.

ఇక లూథర్‌ను తీసుకురండి. వయసు 33. చిన్న ఊరి యూనివర్సిటీలో బైబిల్ చెప్పే పంతులు. ఊళ్లో వాళ్ల పాపపు ఒప్పుకోళ్లు వినే గురువు కూడా. ఆ పత్రాలు తెచ్చుకున్నవాళ్లు తన దగ్గరికే వస్తారు, "నాకిది ఉంది కదా, ఇక బాధపడక్కర్లేదు కదా" అంటారు. అతని గోడు అక్కడ మొదలైంది.

పాతపుస్తకం | ఆదివారం రాత్రి 10:40

ఇంకొక్క మాట మర్చిపోయాను, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ పత్రాలను ప్రశ్నిస్తూ 1517లో లూథర్ రాసిన తొంభై అయిదు వాదాంశాల్లో మొదటిది ఒక్క పదం మీద నిలబడింది. మత్తయి సువార్త 4:17లో యేసు చెప్పిన మాట. పాత లాటిన్ బైబిల్లో ఆ మాటను చదివితే "ప్రాయశ్చిత్తం చేయండి" అని అర్థమయ్యేలా ఉంటుంది. అంటే గురువు చెప్పిన శిక్ష పూర్తిచేయడం, లెక్క చెల్లించడం. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు బాసెల్‌లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేశాడు. గ్రీకులో ఆ మాట మెటానొయా. మనసు మారడం. విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని యేసు కోరాడు, గుడిలో ఒక రోజు జరిగే తంతును ఉద్దేశించి ఆ మాట అనలేదు అని లూథర్ మొదటి రెండు వాదాల సారాంశం.

ఇప్పుడు మన తెలుగు బైబిల్ తీయండి. "మారుమనస్సు పొందుడి" అని ఉంటుంది. మీ క్లాసులో లూథరన్, బాప్టిస్టు పిల్లలు ఈ మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. దాని వెనక ఇంత గొడవ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. బోర్డు మీద రెండు మాటలే రాయండి: ప్రాయశ్చిత్తం, మారుమనస్సు. వీటికి తేడా ఏమిటని హిందూ పిల్లలను అడగండి. వాళ్లే చక్కగా చెబుతారు, నేను చూశాను.

కొండవీటి గాలి | సోమవారం ఉదయం 6:20

నల్లబల్ల టీచర్ గారూ, ఆ అమ్మాయి స్థానంలో ఒకప్పుడు నేనూ కూర్చున్నాను. మాది ఆర్‌సీఎం. నేనూ టీచర్నే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

మా సంఘం బోధలో పాపం క్షమించడం వేరు, ఆ పాపం వల్ల మిగిలే శిక్ష తగ్గించడం వేరు. ఆ పత్రం రెండోదానికి. ముందు పశ్చాత్తాపపడి, గురువు దగ్గర ఒప్పుకోవాలి. చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే చోటును మా నాయనమ్మల కాలం నుంచి "ఉత్తరించు స్థలం" అంటాం. ఆల్‌బ్రెక్ట్ ఇచ్చిన సూచనల్లోనే రాజులకు ఇంత, వ్యాపారులకు ఇంత అని వరస ఉంది, అలాగే డబ్బు లేని బీదలు ప్రార్థన, ఉపవాసాలతో పొందవచ్చని కూడా ఉంది. ప్రసంగాల్లో మాత్రం ఇదంతా గాలికి పోయింది. పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఎగిరిపోతుందనే వరకూ వెళ్లింది. అది తప్పని నేనూ అంటాను. మా సంఘమే అంది. ట్రెంట్ సభ 1563లో ఆ అక్రమ వసూళ్లను ఖండించింది. 1567లో అయిదో పయస్ పోప్ డబ్బుతో ముడిపడ్డ పరిహారాలన్నీ రద్దు చేశాడు. కాబట్టి ఆ అమ్మాయికి జవాబు: "లేదమ్మా, మీ ఫాదర్ గారు అమ్మరు. 450 ఏళ్లకు పైగా అది మీ సంఘంలోనే నిషేధం."

ఇంకో సంగతి. 50వ వాదం క్లాసులో చదివించండి. పత్రాల ప్రచారకులు చేసే దోపిడీ పోప్‌కు తెలిస్తే, తన గొర్రెల చర్మం, మాంసం, ఎముకలతో సెయింట్ పీటర్స్ కట్టడం కన్నా అది కాలి బూడిద కావడమే మేలనుకుంటాడు అని అందులో ఉంది. 1517లో లూథర్ పోప్ మీద తిరగబడలేదు, పోప్‌కు చెబితే సరిచేస్తాడని ఆశపడ్డాడు. ఆ ఆశ పోవడానికి మూడేళ్లు పట్టింది. 1520 డిసెంబరు 10న పోప్ ఆజ్ఞాపత్రాన్ని విట్టెన్‌బర్గ్‌లో మంటలో వేశాడు. ఒక సంఘం లోపల పుట్టిన మనిషి కొడుకులా అడిగి, ఎలా బయటికి వెళ్లాల్సి వచ్చిందో చెబితే మా పిల్లలు తల దించుకోరు, చెవులు రిక్కించి వింటారు.

"మారుమనస్సు" గురించి మాస్టారు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. మా ప్రార్థనల్లో "హృదయ పరివర్తన" అంటాం. ఆలోచిస్తే రెండూ ఆ గ్రీకు మాటకే దగ్గర.

గ్రూప్స్ టెన్షన్ | సోమవారం ఉదయం 11:05

సార్, మేడమ్, మధ్యలో వచ్చినందుకు సారీ. మాకు బిట్స్ రూపంలో వస్తాయి. ప్రొటెస్టెంట్ అనే పేరు 1517లోనే వచ్చిందా? ఒక గైడ్‌లో అలా ఉంది, ఇంకో దాంట్లో 1529 అని ఉంది.

పాతపుస్తకం | సోమవారం మధ్యాహ్నం 1:30

1529 సరైనది బాబూ. ఆ ఏడు స్పేయర్ సభలో లూథర్ బోధను అణచివేసే తీర్మానం వచ్చింది. కొందరు రాజులు, 14 నగరాలు రాతపూర్వకంగా నిరసన తెలిపారు. ఆ నిరసన నుంచి పేరు వచ్చింది. మిగతావి గుర్తుపెట్టుకో: వర్మ్స్ సభ 1521, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 1530, హెన్రీ సర్వాధికార చట్టం 1534, జెసూట్ సంఘానికి పోప్ ఆమోదం 1540, ట్రెంట్ సభ 1545 నుంచి 1563, ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందం 1555.

హాలె నుంచి | సోమవారం రాత్రి 11:48

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట. చదువు కోసం జర్మనీలో హాలె పట్నంలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి విట్టెన్‌బర్గ్ రైల్లో గంట దూరం. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మొదట, 1517 అక్టోబర్ 31న లూథర్ తన వాదాలను మేకుతో కొట్టాడని చెప్పే విట్టెన్‌బర్గ్ చర్చి తలుపు గురించి. పిల్లలు కోట చర్చి చెక్క తలుపును, మేకును ఊహించుకుంటారు. పాత తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది కంచు తలుపు, 1858లో పెట్టారు, దాని మీద 95 వాదాలూ లాటిన్‌లో పోత పోసి ఉంటాయి. లూథర్ నిజంగా సుత్తి పట్టుకుని మేకు కొట్టాడా అన్న దాని మీద 1961 నుంచి చరిత్రకారుల్లో వాదన ఉంది. ఆ రోజు ఆర్చిబిషప్ ఆల్‌బ్రెక్ట్‌కు ఉత్తరం రాసి వాదాలను జతచేసి పంపాడన్నది మాత్రం ఖాయం. తన రాతలను వెనక్కి తీసుకోమన్నప్పుడు వర్మ్స్ సభలో చక్రవర్తి ముందు అన్నాడని చెప్పే "ఇదిగో ఇక్కడే నిలబడ్డాను" అనే మాట కూడా ఆనాటి సభ రికార్డులో లేదు, తర్వాత అచ్చయిన ప్రతుల్లో చేరింది. రికార్డులో ఉన్న మాటే చాలు: నా మనస్సాక్షి దేవుని వాక్యానికి కట్టుబడి ఉంది, మనస్సాక్షికి విరుద్ధంగా నడవడం క్షేమం కాదు, సరైనదీ కాదు. ఇది పిల్లల చేత గట్టిగా చదివించాల్సిన మాట.

రెండోది రాయడానికి చెయ్యి ఆడటం లేదు, కానీ రాయాలి. ఆ ఊళ్లోనే లూథర్ ప్రసంగించిన ఇంకో చర్చి ఉంది, ఊరి చర్చి. దాని బయట గోడ మీద, తలెత్తి చూస్తే కనిపించేంత ఎత్తులో, మధ్యయుగపు రాతి బొమ్మ ఒకటి. పంది, దాని పాలు తాగుతున్న యూదులు. వాళ్లను అవమానించడానికే చెక్కింది. లూథర్ 1543లో యూదుల మీద రాసిన పుస్తకాల్లో ఒకదాంట్లో ఈ బొమ్మనే ప్రస్తావించాడు. ఇంకోదాంట్లో వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టాలన్నాడు, ఇళ్లు కూల్చాలన్నాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత నాజీలు ఆ రాతలను వాడుకున్నారు. గోడ కింద నేల మీద 1988లో ఒక స్మారక ఫలకం పరిచారు. దాని మధ్యలో పగుళ్లలా గీతలు, కింద నుంచి ఏదో పొంగుకొస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు పైన బొమ్మనూ కింద ఫలకాన్నీ చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. మా తాత గారి ఇంట్లో లూథర్ పటం కింద కూర్చుని అన్నం తిన్నవాణ్ని నేను.

దయచేసి ఇది కూడా చెప్పండి.

పల్నాటి లూథరన్ | మంగళవారం ఉదయం 7:10

హాలె తమ్ముడూ, నువ్వు రాసింది నిజమే. కాదనను. కానీ పద్నాలుగేళ్ల పిల్లలకు మొదటిసారి లూథర్‌ను పరిచయం చేస్తూ ఇది చెప్పాలా? లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి బడి పెట్టాడు. మా ముత్తాతలకు అక్షరం తెలిసింది ఆ బళ్లలో. వాళ్లను గుళ్లోకి, బడిలోకి రానివ్వని రోజుల్లో అక్షరం చేతికి వచ్చింది. లూథర్ 1524లోనే ఊరి పెద్దలందరికీ ఉత్తరం రాశాడు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ బడులు పెట్టమని. పాఠంలో ముందు అది చెప్పాలి. చీకటి కోణాలు డిగ్రీలో చదువుకుంటారు.

హాలె నుంచి | మంగళవారం మధ్యాహ్నం 2:25

అన్నా, మీ బాధ అర్థమైంది. మా ఇంట్లోనూ అదే చరిత్ర. కానీ క్లాసులో చెప్పకపోతే పిల్లలు ఫోన్లో చదువుతారు. అప్పుడు మన మాట నమ్మరు. 1994లో అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ రాతలను బాహాటంగా తోసిపుచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న సంఘమే అలా చెప్పగలిగినప్పుడు మనం ఒక్క పేరా చెప్పవచ్చు. ఎక్కువ అక్కర్లేదు.

మీరు అక్షరం సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు వెలువడింది ఈ హాలె పట్నంలోనే, 1746లో. మద్రాసులో ఏళ్లపాటు పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ ఇక్కడికి తిరిగొచ్చి అచ్చువేయించాడు. అందులో చిన్న ప్రశ్నోత్తరాల బోధ ఒకటి. లూథర్ 1529లో పిల్లల కోసం, ఇంటి పెద్దల కోసం అలాంటి బోధ రాశాడు, ఆ సంప్రదాయమే అది. మీ క్లాసు గుంటూరులో ఉంది కాబట్టి ఈ దారి చెప్పండి: విట్టెన్‌బర్గ్, హాలె, మద్రాసు, గుంటూరు.

పల్నాటి లూథరన్ | మంగళవారం సాయంత్రం 6:00

ఒక్క పేరా అయితే సరే. కానీ ఆ పేరా టీచర్ చదవాలి, పిల్లల చేత చదివించకూడదు. లూథరన్ పిల్లవాడి చేత అది చదివిస్తే వాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు.

నల్లబల్ల | మంగళవారం రాత్రి 9:15

ఇది నాకు నచ్చింది అన్నయ్య గారూ. నేనే చదువుతాను.

ఇద్దరు పిల్లల అమ్మ | మంగళవారం రాత్రి 9:50

నేను టీచర్‌ను కాదు, తల్లిని. మాది హిందూ కుటుంబం. ప్రభుత్వ బడిలో బైబిల్ వచనాలు బోర్డు మీద రాయడం సరైనదేనా? ఎవరినీ నొప్పించాలని కాదు, అడుగుతున్నాను.

కొండవీటి గాలి | బుధవారం ఉదయం 6:05

అడగాల్సిన ప్రశ్నే అమ్మా. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధ చేయకూడదు. ఇక్కడ జరిగేది చరిత్ర పాఠం. తేడా క్రియాపదంలో తెలుస్తుంది. "మనం మారుమనస్సు పొందాలి" అంటే ప్రసంగం. "మారుమనస్సు పొందాలని లూథర్ వాదించాడు" అంటే పాఠం. నేను ఈ క్లాసులు తీసుకునేటప్పుడు "వాళ్లు నమ్మారు", "వీళ్లు వాదించారు" అనే మాటలు వదలను. బసవన్న గురించి, బుద్ధుడి గురించి చెప్పినప్పుడూ అంతే. మీ పిల్లలకు ఎక్కడైనా తేడాగా అనిపిస్తే నేరుగా టీచర్ గారిని కలవండి.

ఇద్దరు పిల్లల అమ్మ | బుధవారం ఉదయం 8:30

థాంక్సండీ. ఇలా చెబితే ఇబ్బంది లేదు. ప్రాయశ్చిత్తానికీ మారుమనస్సుకూ తేడా ఏమిటని నిన్న రాత్రి మా అత్తగారిని అడిగాను. "చేసిందానికి మూల్యం ప్రాయశ్చిత్తం, మళ్లీ చేయబుద్ధి కాకపోవడం మారుమనస్సు" అన్నారు.

పాతపుస్తకం | బుధవారం ఉదయం 10:00

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండమ్మా. ఈ మాట మా కాలేజీలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

పాలమూరు బిడ్డ | బుధవారం మధ్యాహ్నం 3:40

సార్లకు, మేడమ్‌లకు నమస్తే. మీరంతా లూథర్ దగ్గరే ఆగిపోయారు. మాది మహబూబ్‌నగర్ జిల్లా, మెన్నొనైట్ బ్రదరన్ సంఘం. మా పేరు చాలామంది టీచర్లకే తెలియదు. పుస్తకాల్లో మా మూలపురుషులకు ఒక్క లైను కూడా ఉండదు కాబట్టి నేనే రాస్తున్నాను.

జ్యూరిక్‌లో జ్వింగ్లీ 1519 నుంచి ప్రసంగించేవాడు. అతని దగ్గరే బైబిల్ చదువుకున్న కుర్రాళ్లు కొందరు, చంటిపిల్లలకు బాప్తిస్మం బైబిల్లో ఎక్కడుంది, నమ్మి, తెలిసి అడిగినవాళ్లకే ఇవ్వాలి కదా అని అడిగారు. 1525 జనవరి 21 రాత్రి ఫెలిక్స్ మాంజ్ తల్లి ఇంట్లో పెద్దవాళ్లు ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. నగర సభ ఒప్పుకోలేదు, జ్వింగ్లీ సభ వైపు నిలిచాడు. రెండోసారి బాప్తిస్మం ఇస్తే నీళ్లలో ముంచి చంపుతామని చట్టం చేశారు. 1527 జనవరి 5న మాంజ్‌ను చేతులు కట్టి పడవలో లిమ్మట్ నది మధ్యకు తీసుకెళ్లారు. ఒడ్డున వాళ్లమ్మ, సోదరుడు నిలబడి, విశ్వాసం వదలొద్దని అరిచారట. ప్రొటెస్టెంట్ల చేతిలో చనిపోయిన తొలి ప్రొటెస్టెంట్ అని ఆయన్ను అంటారు. నీళ్ల గురించి అడిగినవాడికి నీళ్లతోనే మరణశిక్ష.

ఇలా చెదిరిపోయిన వాళ్లను తర్వాత నెదర్లాండ్స్‌లో మెన్నో సైమన్స్ కూడగట్టాడు. ఆయుధం పట్టకూడదన్నాడు. ఆ వంశం ప్రష్యా, రష్యా తిరిగి 19వ శతాబ్దం చివర నైజాం రాజ్యంలోకి వచ్చింది. జడ్చర్ల ఆసుపత్రి వాళ్లు పెట్టిందే. 2004లో జ్యూరిక్ సంస్కరణ సంఘం లిమ్మట్ ఒడ్డున మాంజ్ పేరుతో రాయి పెట్టి క్షమాపణ కోరింది.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులది వేరే పాయ, అయినా పెద్దయ్యాక బాప్తిస్మం అనే పట్టు ఒక్కటే. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మీ వైపు పిల్లలకు తెలిసే ఉంటుంది. మేడమ్ క్లాసులో బాప్టిస్టు పిల్లలు ఉన్నారన్నారు. ఒకచోట అదే నీటికి పాటలు పాడారు, ఇంకోచోట ప్రాణం తీశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి.

పాతపుస్తకం | బుధవారం రాత్రి 8:20

పాలమూరు తమ్ముడు మంచి పని చేశాడు. దీనికి జతగా రైతుల సంగతి కూడా చెప్పాలి. 1525లో మెమ్మింగెన్‌లో జర్మన్ రైతులు పన్నెండు కోరికలు రాసుకున్నారు. క్రీస్తు రక్తంతో పెద్దవాణ్నీ, గొర్రెల కాపరినీ ఒకేలా విడిపించాడు, మరి మేం ఇంకొకడి సొత్తు ఎలా అవుతాం అని మూడోదాంట్లో అడిగారు. లూథర్ మాటలే వాళ్లకు ఊపిరి. మొదట లూథర్ దొరలనూ తప్పుపట్టాడు. తిరుగుబాటు ముదిరాక రైతులను పొడవండి, కొట్టండి, చంపండి అని రాశాడు. చనిపోయినవాళ్లు లక్ష వరకూ ఉంటారని అంచనా. తెలంగాణ సాయుధ పోరాటం చదివిన పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు.

ఇక మూడో పీరియడ్‌కు నా సలహా. సుద్దముక్క ఒక్కటి చాలు.

1529 అక్టోబరులో మార్‌బర్గ్ కోటలో లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ కలిస్తే బలమని హెస్సె పాలకుడు ఫిలిప్ ఆశ. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకున్నారు. చివరిదాని దగ్గర విడిపోయారు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనంలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, ఆయన జ్ఞాపకానికి గుర్తా? వాదన మొదలయ్యే ముందే లూథర్ సుద్దతో బల్ల మీద లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడు: "ఇది నా శరీరము." గుడ్డ కప్పి, సమయం వచ్చినప్పుడు తీసి చూపించాడంటారు. జ్వింగ్లీ పట్టు ఆ లాటిన్ వాక్యంలోని "ఎస్త్" ("అయి ఉంది") అనే చిన్న క్రియ మీద. దానికి "సూచిస్తుంది" అని అర్థం అన్నాడు. లూథర్ ససేమిరా అన్నాడు.

మేడమ్, మీరు ఆ వాక్యాన్ని తెలుగులో బోర్డు మీద రాయండి. ఇది నా శరీరము. అందులో క్రియ ఎక్కడుంది? లేదు. సంస్కరణవాదులను రెండుగా చీల్చిన ఆ చిన్న మాటకు తెలుగులో చోటే లేదు. యేసు మాట్లాడిన అరామిక్‌లోనూ అలాంటి వాక్యానికి క్రియ తప్పనిసరి కాదు. పిల్లలను రెండు జట్లు చేసి, ఈ తెలుగు వాక్యం ఏ పక్షానికి సాక్ష్యమో చెప్పమనండి. ఆర్‌సీఎం పిల్లలు ఇక్కడ మూడో జట్టు, వాళ్ల బోధ లూథర్ కన్నా ఇంకా గట్టిది. వాళ్లకు ఆ రోజు తల ఎత్తి మాట్లాడే అవకాశం వస్తుంది.

ఏలూరు టీచరమ్మ | గురువారం ఉదయం 6:45

ఇన్ని పోస్టుల్లో ఒక్క ఆడమనిషి పేరు రాలేదు, అందుకే వచ్చాను. కాథరీనా ఫాన్ బోరా. 1523 ఈస్టర్ ముందు రాత్రి ఇంకొందరు సన్యాసినులతో కలిసి మఠం నుంచి చేపల వ్యాపారి బండిలో తప్పించుకుంది. 1525లో లూథర్‌ను పెళ్లాడింది. పాత మఠాన్నే ఇల్లు చేసుకుని, పశువులను పెంచి, బీరు కాచి, చదువుకునే కుర్రాళ్లకు భోజనం, బస పెట్టి ఆ సంసారం ఈడ్చింది. లూథర్ భోజనాల బల్ల దగ్గర చెప్పిన మాటలు ఈనాటికీ చదువుతున్నారంటే ఆ బల్ల మీద అన్నం పెట్టింది ఆమె. అర్గులా ఫాన్ గ్రుంబాక్ అయితే 1523లో ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీ పెద్దలకు ఉత్తరం రాసింది. లూథర్ బోధ నమ్మినందుకు ఒక కుర్రాణ్ని బలవంతంగా లొంగదీశారు, బైబిల్ చూపించి నాతో వాదించండి అని. ఆ ఉత్తరం అచ్చయి చేతులు మారింది. వాళ్లు జవాబివ్వలేదు. మా ఆడపిల్లలకు ఈ ఉత్తరం సంగతి చెబితే కళ్లు మెరుస్తాయి.

గ్రూప్స్ టెన్షన్ | గురువారం ఉదయం 9:20

కాల్విన్ గురించి ఎవరూ రాయలేదు సార్?

పాతపుస్తకం | గురువారం ఉదయం 11:00

కాల్విన్ లాయరు చదువు చదివిన ఫ్రెంచివాడు. 1536లో, 26 ఏళ్లకు, బాసెల్‌లో తన ముఖ్య గ్రంథం అచ్చువేశాడు. అదే ఏడు జెనీవాలో ఒక్క రాత్రి ఉండి పోదామని దిగితే అక్కడి సంస్కర్త ఫారెల్ శాపనార్థాలు పెట్టి ఆపేశాడు. 1538లో ఊరు వెళ్లగొట్టింది, 1541లో మళ్లీ పిలిచింది. 1559లో అకాడమీ పెట్టాడు. అక్కడి నుంచి స్కాట్లండ్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్‌లకు బోధ పాకింది. 1553 అక్టోబర్ 27న త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే బోధను) కాదన్న సెర్వెటస్ అనే వైద్యుణ్ని అదే జెనీవాలో సజీవ దహనం చేశారు. కాల్విన్ ఆ శిక్షను సమర్థించాడు, కాల్చడానికి బదులు తల నరకమని మాత్రం అడిగాడు. దానికి కాస్టెలియో అనే పండితుడు రాసిన మాట: మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే. పరీక్షలో రాకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

నల్లబల్ల | తర్వాతి శనివారం రాత్రి 9:30

అందరికీ చెప్పాలని కూర్చున్నాను. మూడు పీరియడ్లూ అయ్యాయి.

ఖాళీల కాగితం ఇవ్వగానే మాస్టారు చెప్పినట్టే అందరూ పేర్లు రాసుకున్నారు. ఒకబ్బాయి మాత్రం వాళ్ల తాత పేరు రాశాడు, పోయిన నెలలో పోయారట. ఎందుకు రాశావని అడిగితే "నాకెందుకు మిస్, ఆయనకే కదా కావాల్సింది" అన్నాడు. డబ్బు దారి గీయకముందే, ఆ మనిషి యూటర్‌బోగ్ దాకా ఎందుకు నడిచాడో క్లాసుకు అర్థమైంది. నాక్కూడా పోయినేడు అర్థం కాలేదు, ఆ మనిషిని ఒట్టి అమాయకుడిలా చెప్పాను.

50వ వాదం ఆ అమ్మాయి చెల్లెలే లేచి చదువుతానంది. చదివి, "అంటే లూథర్ అప్పటికి మా వాడే కదా మిస్" అంది. లూథరన్ పిల్లలు ఒక్కసారిగా "మా వాడు" అన్నారు. నేను ఆపలేదు, అయిదు నిమిషాలు వాదించుకోనిచ్చాను. యూదుల గురించిన పేరా నేనే చదివాను, అన్నయ్య గారూ. క్లాసు నిశ్శబ్దమైపోయింది. మాంజ్ తల్లి గురించి చెప్పినప్పుడు వెనక బెంచీ అబ్బాయి, "వాళ్లమ్మ వదిలెయ్యమని అనలేదా మిస్?" అని అడిగాడు. అనలేదని చెప్పాను.

సుద్దముక్క పీరియడ్ గంట కొట్టినా ఆగలేదు. "ఇది నా పెన్ను" అంటే నిజంగా పెన్నే, కాబట్టి లూథర్ గెలిచాడని ఒక జట్టు. "ఇది మా అమ్మ" అని ఫోటో చూపిస్తాం, ఫోటో అమ్మ అవుతుందా అని ఇంకో జట్టు. ఫోటో మాట అన్నది ఒక ముస్లిం అమ్మాయి. అది జ్వింగ్లీ వాదానికి ఎంత దగ్గరో చెప్పగానే సిగ్గుపడి కూర్చుంది.

హెచ్‌ఎం గారిని అడిగి సోమవారానికి ఇంకో పీరియడ్ తీసుకున్నాను, ట్రెంట్ సభ కోసం. కొండవీటి గారూ, "ఉత్తరించు స్థలం" అనే మాట బోర్డు మీద రాశాను. చెల్లెలు వాళ్ల నాయనమ్మను అడిగి, ఆ మాటకు ఆవిడ ఏం చెబుతుందో కాగితం మీద రాసుకొస్తానంది. అక్క కూడా వస్తుందట, పదో తరగతి వాళ్ల సార్ దగ్గర పర్మిషన్ తీసుకుని.